రాసింది రాత్రి... పాడింది వీధి!

*రాయడానికి ఏ వేళ మంచిది? రాసేవాడికి ఏ సంగీతం మంచిది? ఈ తరం రచయితలంతా ఒకరినొకరు అడుగుతున్న ఈ రెండు ప్రశ్నలకూ నూరేళ్ల కిందటి పుదుచ్చేరిలో జవాబు దొరుకుతుంది. ఆ ఊళ్లో పదేళ్లు తలదాచుకున్న సుబ్రహ్మణ్య భారతి పాటల పెట్టె తెరిస్తే పాములవాడి నాగసరం నుంచి త్యాగరాజ కీర్తన దాకా అన్నీ ఉన్నాయి.*

1916 నవంబరు 22, బుధవారం రాత్రి. పుదుచ్చేరి మీద తుపాను విరుచుకుపడింది. సముద్రం హోరుమంటోంది. తలుపుల సందుల్లోంచి, కిటికీల్లోంచి వానజల్లు పడకగదిలోకే కొట్టేస్తోంది. నిద్రపోతున్న భర్తను భార్య తట్టి లేపింది. ఆకాశానికి కోపమొచ్చింది, భూమి వణుకుతోంది, పసిపిల్లలకు ఆపద రానీయకు తల్లీ అని వేడుకున్నారు. నిన్నటిదాకా ఉన్న ఇంట్లోనే ఈ రాత్రీ ఉండి ఉంటే మన గతేమయ్యేది అనుకున్నారు. మృత్యువే గాలి రూపంలో వచ్చిందని, దైవబలం ఉండబట్టి బతికిపోయామని గుండెల మీద చేయి వేసుకున్నారు.

ఇది పత్రికలో వచ్చిన వార్త కాదు, భారతి రాసిన పాట. దాని నెత్తిన తేదీ కూడా వేసుకున్నారాయన: నళ నామ సంవత్సరం, తమిళుల కార్తిగై మాసం 8, బుధవారం రాత్రి, ఒక భర్త, ఒక భార్య. ఆ తుపాను మీదే ఇంకో పాటా ఉంది. చుట్టూ చెట్లన్నీ నేలకొరిగినా, చిన్న దిబ్బ మీదున్న ఒక కొబ్బరితోట మాత్రం నిలబడింది. అది పేదవాడి ఆస్తి కాబట్టే గాలి దాని జోలికి పోలేదన్నారు కవి.

ఈ రెండు పాటల్నీ గుర్తు చేసుకోవడానికి కారణముంది. భారతి జయంతి రోజున, 2024 డిసెంబరు 11న, ఆయన సమగ్ర రచనలను ప్రధాని నరేంద్ర మోదీ ఢిల్లీలో విడుదల చేశారు. శీని విశ్వనాథన్ అనే పరిశోధకుడు దశాబ్దాల తరబడి వెతికి, కాలక్రమంలో పేర్చిన 23 సంపుటాలవి. అప్పటినుంచి భారతి గురించి మాట మళ్లీ ఊపందుకుంది. దేశభక్తి కవిగా ఆయన అందరికీ తెలుసు. కానీ ఆయన ఏం విన్నారు, ఆ విన్నది కాగితం మీదికి ఎలా వచ్చింది అన్న సంగతి మన తెలుగువాళ్లకు అంతగా తెలియదు. తెలుసుకోదగ్గ కథ అది. అందులో మన పాటలకూ పాత్ర ఉంది.

పోలీసుల కంటికి దూరంగా

1908లో మద్రాసులో భారతి సంపాదకుడిగా ఉన్న 'ఇండియా' వారపత్రిక మీద రాజద్రోహం కేసు పడింది. పత్రిక ప్రచురణకర్తను అరెస్టు చేశారు. తర్వాతి వంతు భారతిదే అని మిత్రులకు అర్థమైంది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. పుదుచ్చేరి ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది కాబట్టి బ్రిటిష్ పోలీసుల చేయి అక్కడిదాకా సాగలేదు. భారతి రైలెక్కి అక్కడికి చేరుకున్నారు. వెనకే పత్రికా వచ్చింది. 1910 ఏప్రిల్ 4న అరవిందులు ఓడ దిగారు. ఆ ఏడాదే విప్లవకారుడు వి.వి.ఎస్. అయ్యర్ కూడా చేరుకున్నారు. సముద్రపుటొడ్డున ఆ చిన్న ఊరు స్వదేశీ వీరుల విడిది అయిపోయింది.

అరెస్టు చేయలేకపోయినా బ్రిటిష్‌వాళ్లు ఊరుకోలేదు. వీధి మలుపుల్లో గూఢచారుల్ని పెట్టారు. 'ఇండియా' పత్రిక బ్రిటిష్ ప్రాంతంలో అడుగుపెట్టకుండా నిషేధించారు. చందాదారులకు చేరని పత్రిక ఎన్నాళ్లు నడుస్తుంది? 1910 మార్చిలో ఆగిపోయింది. దాంతో ఇంట్లో పూట గడవడమే కష్టమైంది. భార్య చెల్లమ్మ బియ్యం అప్పు తెస్తే, ఆయన ఆ గింజల్నే పిచ్చుకలకు చల్లారన్న ముచ్చట తమిళనాట ఇంటింటా చెప్పుకుంటారు.

రాజకీయాలు రాసే వేదిక పోయింది. చేతిలో కలం, ఇంట్లో లేమి, ఎదురుగా బోలెడంత తీరిక. సంపాదకీయాలు రాసిన కలం పాటల వైపు మళ్లింది. 'పాంచాలి శపథం' మొదటి భాగం 1912లో అచ్చయింది. 'కణ్ణన్ పాట్టు' 1917లో వెలువడింది. 'కుయిల్ పాట్టు' కూడా పుదుచ్చేరి బిడ్డే. మూడూ తమిళ సాహిత్యంలో శిఖరాలు. పోలీసులు నోరు నొక్కాలని చూస్తే గొంతు మరో దారిన లేచింది.

ఆ రోజుల్లో ఆయన రాసుకునే గది ఎలా ఉండేదో 'కుయిల్ పాట్టు' ముగింపు చెబుతుంది. పగటికల చెదిరి కవి కళ్లు తెరిచేసరికి చుట్టూ పాత తాళపత్రాలు, కలం, పత్రికల కుప్ప, ఒక పాత చాప కనిపిస్తాయి. అంతే ఆస్తి!

రాత్రి ఆయన కవిత్వంలో అడుగడుగునా కనిపిస్తుంది. వెన్నెలను, చుక్కలను, గాలిని కలిపి మత్తుగా తాగిన పాట ఒకటుంది. ప్రేయసి కణ్ణమ్మ నీలిచీర మీది వజ్రాలు నడిరేయి నక్షత్రాల్లా తోచిన పాట మరొకటి. మన భాషకూ ఆయన కలలో వెన్నెల రాత్రే దక్కింది. సింధునది మీద వెన్నెల్లో చేర దేశపు పడుచులతో కలిసి, సుందర తెలుగులో పాటలు కట్టుకుంటూ పడవ నడపాలని ముచ్చటపడ్డారు.

బాణీ ఎక్కడిదైతేనేం!

రాత్రి కవికి ఏకాంతం ఇస్తుంది. బాణీ మాత్రం ఇవ్వదు. భారతికి బాణీ ఇచ్చింది వీధి.

తెల్లవారుజామున డమరుకం ఆడిస్తూ, మంచికాలం వస్తోందని పలుకుతూ గడప గడపకూ వచ్చే బుడబుక్కలవాడు మనకు తెలుసు. తమిళనాట కూడా అలాంటి జోస్యగాళ్లు ఉన్నారు. వాళ్ల డమరుకం చప్పుడునీ, పలుకునీ ఉన్నదున్నట్టు ఎత్తుకుని భారతి 'పుదియ కోణంగి' కట్టారు. పాత జోస్యగాడు ఆ ఇంటి యజమానికి మంచి జరుగుతుందంటాడు. భారతి జోస్యగాడు మాత్రం కులాల కొట్లాటలు పోతాయని, చదువు పెరుగుతుందని, దేశానికే మంచికాలం వస్తుందని చెబుతాడు. చప్పుడు పాతదే, సంగతి కొత్తది.

ఒకచోట పాములవాడు నాగసరం ఊదుతుంటే నిలబడిపోయారు. తన వచన కవితల్లో దాన్ని వర్ణిస్తూ, పండితుడు తర్కం చేస్తున్నట్టుందని, వక్త చిన్న చిన్న వాక్యాలు పేర్చుకుంటూ పోతున్నట్టుందని రాశారు. ఇంతకీ పాడుతున్నది ఎవరు? వెదురా, ఊపిరా, ఊదేవాడా? చివరికి అది పరాశక్తి పాటేనని తేల్చారు. పైసా విసిరి వెళ్లిపోయే వీధి వినోదంలో ఆయనకు వేదాంతం వినిపించింది.

'పాంచాలి శపథం' సంగతి చూడండి. కథేమో మహాభారతం. దాన్ని నడిపించిన ఛందం చాలావరకు నొండి చిందు. కుంటివాడు కథానాయకుడుగా పల్లెల్లో ఆడే నాటకాల బాణీ అది. సులువైన మాటలు, సులువైన నడక, జనం ఇష్టపడే మెట్టు ఉండాలని ఆ కావ్యం ముందుమాటలోనే ఆయన తన పద్ధతి చెప్పుకున్నారు. మద్రాసు రోజుల్లో తిరునెల్వేలి కలెక్టర్ వించ్‌ను ఎద్దేవా చేస్తూ రాసిన పాటకు గోపాలకృష్ణ భారతి 'నందనార్ చరిత్ర' బాణీ వాడారు. భక్తుడి మొర కలెక్టరు మీద విసురుగా మారింది. స్వాతంత్ర్యం వచ్చేసినట్టే గంతులేస్తూ రాసిన పాటకు పొలం కూలీల 'పళ్ళు' వరుస తీసుకున్నారు.

అలాగని శాస్త్రీయ సంగీతాన్ని పక్కన పెట్టలేదు. తన పాటల మీద రాగం, తాళం పేర్లు రాసుకునేవారు. దేశాన్ని పొగిడే ఒక పాటకు హిందుస్తానీ తోడి. పరాశక్తిని పసిపాపగా చూసి పాడిన 'చిన్నంజిరు కిళియే'కు భైరవి రాగం, రూపక తాళం. ఆ పాటకైతే స్వరాలు కూడా రాసిపెట్టారు. ఊరి గుడిలోని మణకుళ వినాయకుడి మీద అచ్చమైన ప్రాచీన పద్ధతిలో 'నాన్మణిమాలై' రాసిందీ ఈయనే. పొద్దున్న బుడబుక్కలవాడు, సాయంత్రం భైరవి. ఏది గొప్ప, ఏది తక్కువ అన్న లెక్క ఆ చెవులకు లేదు.

పుదుచ్చేరిలో తలదాచుకున్న స్వదేశీ కుటుంబాల్లో మండయం శ్రీనివాసాచారిది ఒకటి. ఆ ఇంటి పిల్ల యదుగిరి భారతి పాటలు వింటూ పెరిగింది. పెద్దయ్యాక ఆమె రాసిన జ్ఞాపకాల పుస్తకం, ఏ పాట ఏ సందర్భంలో పుట్టిందో తెలుసుకోవడానికి ఇవాళ్టికీ ఆధారం. ఊళ్లోనే పుట్టిన కనక సుబ్బురత్నం అనే యువకుడు కూడా ఆయన చుట్టూ తిరిగేవాడు. భారతికి దాసుడినంటూ పేరే మార్చుకుని, తమిళంలో మహాకవి అయిన భారతిదాసన్ ఆయనే.

---

◼ కోకిల చెప్పిన పాటల పట్టిక

పుదుచ్చేరి శివారు తోటలో అల్లుకున్న కథ 'కుయిల్ పాట్టు'. అందులో కోకిల తన మనసు దోచుకున్న పాటల్ని కవికి ఏకరువు పెడుతుంది. ఒక రచయిత అభిరుచికి ఇంతకు మించిన పట్టిక దొరకదు:

• అడవి పిట్టల కూతలు, గాలి ఈల
• ఏటి గలగల, జలపాతం హోరు, సముద్రపు రొద
• ప్రేమలో పడ్డ ఆడపిల్లల పాటలు
• ఏతాం తోడేవాళ్ల పాట
• వడ్లు దంచే ఆడవాళ్ల దంపుళ్ల పాట
• సున్నం దంచేవాళ్ల పాట
• పొలం పనుల్లో కూలి స్త్రీల పాటలు
• గాజుల చేతులతో చప్పట్లు చరుస్తూ, గుండ్రంగా తిరుగుతూ పాడే పాటలు
• పిల్లనగ్రోవి, వీణ, ఇంకా మనిషి నోటితో, చేత్తో వాయించే సమస్త వాద్యాలు

ఇందులో దాదాపు సగం ఒళ్లు వంచి పనిచేసేవాళ్ల పాటలే!

---

హార్మోనియం అంటే మంట

అన్నీ ఇష్టపడేవాడికి అయిష్టాలు ఉండవా? భారతికి గట్టివే ఉన్నాయి. సంగీతం గురించి రాసిన వ్యాసంలో హార్మోనియం పెట్టె మీద విరుచుకుపడ్డారు. అది ఇంటింటా చేరి జనం చెవుల్ని పాడుచేస్తోందని ఆయన ఫిర్యాదు.

అంతకన్నా పెద్ద ఫిర్యాదు కచేరీల మీద. ఏ ఊరికెళ్లినా, ఏ విద్వాంసుడు పాడినా అవే నాలుగైదు కీర్తనలు! అవీ తెలుగులోనో, సంస్కృతంలోనో. ఎదురుగా కూర్చున్న తమిళ శ్రోతకు అర్థం తెలియదు. చాలాసార్లు పాడేవాడికీ తెలియదు. అర్థం తెలియకపోతే రసం ఎక్కడినుంచి వస్తుంది? తొమ్మిది రసాలూ ఉండాల్సిన చోట గొంతు కసరత్తు మిగిలిందని ఆయన బాధ.

తెలుగు పాఠకుడికి ఇది కాస్త గుచ్చుకోవచ్చు. కానీ ఆయన తగువు మన భాషతో కాదు, త్యాగయ్యతో అసలే కాదు. అర్థాన్ని వదిలేసి సంగతులు మాత్రం వల్లించే విద్వాంసులతో. త్యాగయ్య కూడా తన ఇంటి భాషలో, తన రాముడితో కష్టసుఖాలు చెప్పుకున్నాడు. భారతి అడిగింది ఆ హక్కునే. 1940ల్లో తమిళ పాటలకు కచేరీలో పెద్దపీట వేయాలంటూ ఉద్యమం లేచింది. అంతకు చాలాముందే భారతి ఆ మాట అనేశారు, అనడంతో ఆగక పాటలూ రాసిచ్చారు.

అదే ఊళ్లో మరో దీపం

పుదుచ్చేరిలో అర్ధరాత్రి దాటినా ఆరని దీపం ఇంకొకటి ఉండేది. 1930ల్లో అరవిందులు గది దాటి బయటికి వచ్చేవారు కాదు. శిష్యులు పగలంతా ఉత్తరాలు, ప్రశ్నలు, పద్యాలు రాసి పంపేవారు. రాత్రంతా కూర్చుని ఆయన జవాబులు రాసేవారు. తెల్లారేసరికి ఎవరి ఉత్తరం వాళ్లకు చేరేది. యోగం గురించి ఎంత ఓపిగ్గా రాసేవారో, శిష్యుడి పద్యంలో తప్పిన నడక గురించీ అంతే ఓపిగ్గా రాసేవారు. 1938 నవంబరు 23 అర్ధరాత్రి దాటాక కాలు జారి పడి ఆయన తొడ ఎముక విరిగింది. ఆ ఉత్తరాల రాత్రులు అంతటితో ముగిశాయి. ఆ తర్వాత 'సావిత్రి' మహాకావ్యంలో చాలా భాగం శిష్యుడు నీరద్‌బరన్‌కు చెప్పి రాయించారు. సుమారు 24 వేల పాదాల కావ్యం అది.

ఆ ఉత్తరాలు ఎక్కువగా అందుకున్నవారిలో దిలీప్ కుమార్ రాయ్ ఒకరు. బెంగాలీ నాటకకర్త ద్విజేంద్రలాల్ రాయ్ కొడుకు. కేంబ్రిడ్జిలో చదివి, ఐరోపాలో పాశ్చాత్య సంగీతం నేర్చి, హిందుస్తానీ పాడుతూ 1928లో అరవిందుల ఆశ్రమం చేరారు. నవలలు రాశారు, కవిత్వం రాశారు, మీరా భజనలు పాడారు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మితో కలిసి 'వందేమాతరం' రికార్డు ఇచ్చారు. బెంగాలీ బాణీ, ఐరోపా శిక్షణ, మదురై గొంతు ఒకే రికార్డులో కలిశాయి.

---

◼ తెలుగు ఛందస్సుకు పుదుచ్చేరి పోషకుడు

పుదుచ్చేరిలో రాతకు పేరు తెచ్చిన తొలివారిలో ఆనందరంగ పిళ్లై (1709–1761) ఒకరు. ఫ్రెంచి గవర్నర్ డూప్లే దగ్గర దుబాసీ. 1736 నుంచి పాతికేళ్లు తమిళంలో ఆయన రాసుకున్న డైరీ ఆనాటి దక్షిణాదికి అద్దం. వ్యాపారం, యుద్ధాలు, వదంతులు అన్నీ అందులో ఉన్నాయి. ఆయన తెలుగు కవులకూ పోషకుడు. కస్తూరి రంగకవి రాసిన తెలుగు లక్షణ గ్రంథం 'ఆనందరంగరాట్ఛందము' ఈయన పేరు మీదే వెలిసింది. ఆ ఊళ్లో రంగపిళ్లై వీధి ఇప్పటికీ ఉంది.

---

చాప మీంచి వెండితెర మీదికి

1918 నవంబరులో భారతి పుదుచ్చేరి విడిచి బ్రిటిష్ ప్రాంతంలో అడుగుపెట్టారు. కడలూరు దగ్గర వెంటనే అరెస్టు చేశారు. మూడు వారాలకు పైగా జైల్లో ఉండి బయటికొచ్చారు. మరో మూడేళ్లకు, 1921 సెప్టెంబరు 11 అర్ధరాత్రి దాటాక, మద్రాసు తిరువల్లిక్కేణిలో కన్నుమూశారు. వయసు 38.

ఆయన పాటలు ఆ తర్వాత గొంతుల మీద బతికాయి. ఏవీఎం వారి 'నామ్ ఇరువర్' సినిమా 1947లో వచ్చింది. అందులో డి.కె. పట్టమ్మాళ్ పాడిన భారతి పాటలు స్వాతంత్ర్యానికి నెలల ముందే ఊళ్లు ఊపేశాయి. భారతి రచనల హక్కులు 1949లో మద్రాసు ప్రభుత్వం చేతికి వచ్చాయి, ఆ తర్వాత ప్రజల పరమయ్యాయి. కవి రచనల్ని ప్రభుత్వమే తీసుకుని జనానికి ఇచ్చేయడం మన దేశంలో అరుదైన ఘట్టం.

'చిన్నంజిరు కిళియే' 1951లో 'మణమగళ్' సినిమాలో రాగమాలికగా మారింది. బాణీ కట్టింది మన 'దేవదాసు' సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్. కచేరీల్లో ఇవాళ వినిపించేది ఎక్కువగా ఆ రాగమాలికే. భారతి రాసిపెట్టిన భైరవి వెనక్కి పోయింది. అయినా వీధి బాణీల్ని తన పాటల్లోకి తెచ్చుకున్న కవి పాటకు సినిమా కొత్త బాణీ ఇస్తే తప్పుపట్టేదేముంది? 2000లో 'కండుకొండేన్ కండుకొండేన్' కోసం ఎ.ఆర్. రెహమాన్ ఆ నీలిచీర కణ్ణమ్మ పాటకు మరో రూపమిచ్చారు. మనం ఆ సినిమాను 'ప్రియురాలు పిలిచింది'గా చూశాం.

బాలచందర్ 'వరుమైయిన్ నిఱం శివప్పు'లో నిరుద్యోగి కమల్ హాసన్ నోటి నిండా భారతి కవిత్వమే. అదే కథ 1981లో 'ఆకలి రాజ్యం'గా తెలుగులోకి వచ్చినప్పుడు ఆ స్థానంలో శ్రీశ్రీ నిలిచారు. ఆకలితో ఉన్న కుర్రాడు తమిళంలో ఎవరిని తలుచుకుంటాడో, తెలుగులో ఎవరిని తలుచుకుంటాడో బాలచందర్‌కు బాగా తెలుసు.

చెవులు మూసుకుంటే ఎలా?

ఏటా జూన్ 21న ప్రపంచ సంగీత దినోత్సవం. 1982లో ఫ్రాన్సులో మొదలైన ఈ పండగను పుదుచ్చేరి తన పండగే అనుకుంటుంది. ఆ సాయంత్రం అక్కడ పాట హాల్లోంచి బయటికొచ్చి వీధిలో నిలబడుతుంది.

మిగతా రోజుల్లో మనం చేస్తున్నది దానికి సరిగ్గా వ్యతిరేకం. రాసేవాళ్లు రాత్రి పదకొండు దాటాక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటున్నారు. నిన్న విన్నదాన్ని బట్టి ఇవాళ ఏం వినాలో ఫోనే చెబుతోంది. నచ్చినదాని లాంటిదే మళ్లీ మళ్లీ వడ్డిస్తోంది. భారతి చెవులకు అలా తలుపుల్లేవు. పిలవని పాటలు వచ్చాయి, కోరని చప్పుళ్లు దూరాయి. అందుకే ఒకే చేతి నుంచి రూపక తాళమూ వచ్చింది, డమరుకమూ వచ్చింది. భిన్న అభిరుచి అంటే పది రకాల పాటలు పోగేసుకోవడమే అనుకుంటాం. మనం ఎంచుకోని పాటకూ చోటివ్వడం అసలైన అభిరుచి. అది లేకుండా ఎన్ని రాత్రులు మేలుకున్నా కాగితం మీద మన గొంతే ప్రతిధ్వనిస్తుంది.

ఇంకో చేదు నిజముంది. కోకిల చెప్పిన పట్టికలో ఏతాం పోయింది, రోకలి పోయింది, గానుగ సున్నం పోయింది. మోటారు, రైసుమిల్లు, సిమెంటు వచ్చి పనిని తేలిక చేశాయి. అది మంచిదే. కానీ పనితోపాటే పాటా వెళ్లిపోయింది. మన ఊళ్లలోనూ అంతే. దంపుళ్ల పాటలు, ఏతాం పాటలు, నాట్ల పాటలు తెలిసిన తరం ఎనభై ఏళ్ల దరిదాపుల్లో ఉంది.

ఈశ్వరన్ ధర్మరాజా కోయిల్ వీధిలో భారతి ఉన్న ఇల్లు ఇప్పుడు స్మారక మ్యూజియం. పుదుచ్చేరి వెళ్తే ఫ్రెంచి కాఫీ తాగే ముందో, తాగాకో ఓ గంట అక్కడ గడపండి. అంతకంటే ముందు చేయాల్సిన పని మన ఇంట్లోనే ఉంది. మీ నాయనమ్మకో, అమ్మమ్మకో, పక్కింటి ముసలమ్మకో పని పాట ఒక్కటైనా గుర్తుంటే ఈ ఆదివారమే పాడించండి. ఫోనులో రికార్డు చేసి, పాట పేరు, ఊరి పేరు, పాడినవారి పేరు రాసి దాచండి.